దూదితో చుట్టిన రోలరు

ఆ రోజు పొద్దున కొట్లో పరాయి మనిషి ముందు నా భార్యను ఒళ్ళొంగని మనిషని అన్నాను. మధ్యాహ్నానికల్లా ఆ మాట అబద్ధమని తేలిపోయింది.

ఆ పరాయి మనిషి మా వీధి చివర చర్చి పక్కన ఉండే టీచరమ్మ. పాత దిండ్లు ముద్దకట్టాయని, దూది మళ్ళీ ఏకించుకోవడానికి రిక్షాలో వేసుకుని వచ్చింది. నా భార్య గుమ్మం పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని దిండు గలీబులు కుడుతోంది. కుడికాలు మడతపడదు కాబట్టి ఎదురుగా ఇంకో స్టూలు వేసుకుని దాని మీద చాపి పెట్టుకుంది.

"కాలు ఎట్టా ఉందమ్మా? కొంచెమన్నా వంగుతుందా?" అని టీచరమ్మ అడిగింది.

నా భార్య నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. "కాలికేం, నిక్షేపంలా ఉంది టీచరుగారూ. మనిషికే ఒళ్ళొంగట్లేదు. నెలల తరబడి కూచోబెట్టి పెడతన్నాగా, తిని కూచోటం అలవాటైపోయింది."

నా భార్య దారం పళ్ళతో తెంపింది. తలెత్తలేదు. టీచరమ్మ నా వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూసి, "దిండ్లు సాయంత్రానికి అవుతాయా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది. నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

మాది దూది ఏకే కుటుంబం. మా నాన్న విల్లు భుజాన వేసుకుని ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ఎవరి వాకిట్లో పరుపు విప్పితే ఆ వాకిట్లోనే దూది ఏకేవాడు. నా కాలానికి విల్లు పోయి మిషను వచ్చింది. పత్తిలో గింజ తీసే జిన్నింగు మిల్లుల నుంచి దూది తెచ్చి, ఏకి, పరుపులూ దిండ్లూ బొంతలూ కుట్టి అమ్మేవాణ్ణి. ఏకడం నా పని. పరుపు కుట్టడం నా భార్య పని. పరుపు మీదే ఒక కాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి కూర్చుని, పెద్ద దబ్బనంతో పురికొస కిందికీ పైకీ దూర్చి బిగించేది. ఆమె బిగించిన పరుపులో దూది ఏళ్ళ తరబడి జరిగేది కాదు. మా కొట్టు పేరు ఆ కుట్టు వల్ల నిలబడింది కాని నా ఏకుడు వల్ల కాదు.

ఆ రోజుల్లోనే ఫోం పరుపులు గుంటూరు నుంచి ఊళ్ళలోకి దిగాయి. మద్రాసు రంగుల గుడ్డ తొడిగి, ప్లాస్టిక్ కవరులో నున్నగా చుట్టి, మోపెడ్ మీద పెట్టుకుని పోయేంత తేలిగ్గా ఉండేవి. పెళ్ళిళ్ళకు మా పరుపులు అడిగేవాళ్ళు తగ్గారు. ఫోం అనే మాట నోటితో అనడం కూడా నాకు ఇష్టం ఉండేది కాదు. స్పంజి అనేవాణ్ణి. కొట్టుకు ఎవరొచ్చినా వాళ్ళడక్కుండానే మొదలుపెట్టేవాణ్ణి: చెమట పీల్చదు, ఎండలో వేస్తే పొడిపొడిగా రాలుతుంది, ఎలక కొరికితే అతుకు వెయ్యడానికి ఉండదు, మనిషి పడుకునేది కాదు, గిన్నెలు తోముకునేది. ఇదంతా నా భార్యకు నోటికొచ్చు. నేను మొదలుపెట్టగానే ఆవిడ పెదవులు కదిపేది.

ఆ ఏడు మిరప కోతలప్పుడు నా భార్య పెదకాకాని అవతల ఉన్న తన చెల్లెలి చేలో సాయం చెయ్యడానికి వెళ్ళి, తడి గట్టు మీద కాలు జారింది. మోకాలి కింద ఎముక విరిగింది. తొడ దగ్గర్నుంచి పాదం దాకా సిమెంటు కట్టు వేశారు. ఎముక చక్కగా అతుక్కుంది. కాని కట్టు విప్పాక చూస్తే మోకాలు కొయ్యలా ఉంది. కుర్చీలో కూర్చుంటే కాలు ఎదురుగా చాచుకునే ఉండాలి. నేల మీద కూర్చోవడం కుదరదు. పరుపు కుట్టడం అంతకన్నా కుదరదు. నమాజుకు కూడా కుర్చీ వేసుకోవాల్సి వచ్చింది. నేలకు మోకాళ్ళు ఆనించి నుదురు మోపేచోట కొంచెం ముందుకు వంగి ఊరుకునేది.

"కుర్చీలో కూచుని చేస్తంటే నమాజు చేసినట్టు లేదయ్యా, ఆఫీసరు దగ్గర అర్జీ పెట్టుకోటానికి పోయినట్టుంది" అనేది.

గుంటూరులో ఎముకల డాక్టరుగారు ఆమెను ఫిజియో మేడం దగ్గరికి పంపారు. కొన్ని వారాలు కసరత్తు చేసి రమ్మన్నారు. అప్పటికీ వంగకపోతే మత్తిచ్చి, థియేటర్‌లో చేత్తో వంచాల్సి వస్తుందన్నారు. ఆ మాట నా భార్య గుండెల్లో పడింది. బస్సులో తిరిగొస్తూ ఒకటే మాట అడిగింది. "మత్తులో ఉన్నప్పుడు మళ్ళీ పుటుక్కుమంటే నాకు తెలిసేదెట్టా?" పెద్ద డాక్టర్లు వాళ్ళకు తెలియదా అన్నాను. తెలుసులే అంది. కాని అప్పట్నుంచి గుంటూరు మాటెత్తితే చాలు, ఆమె చెయ్యి మోకాలి మీదికి పోయేది.

ఫిజియో మేడం చిన్న వయసావిడ, మెడలో సన్నటి శిలువ గొలుసు, గొంతు మాత్రం బళ్ళో హెడ్‌మాస్టరుది. మంచం మీద మడమను తుంటి వైపు ఈడ్చుకోవడం, ఏదన్నా పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, రోజూ కొంచెం కొంచెం దూరం పెంచుకుంటూ నడవడం నేర్పింది. చివరగా మూల నుంచి నల్లటి గుండ్రటి పొడుగు దిమ్మ ఒకటి తెచ్చింది, రోలరంటారట దాన్ని. నేల మీద బోర్లా పడుకుని, తొడ కింద ఆ దిమ్మ పెట్టుకుని, మోచేతుల మీద ఒళ్ళు ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ దొర్లించాలి. ఇన్నాళ్ళు కదలకుండా ఉండి తొడ కండ తాడులా బిగుసుకుపోయింది, అది వదులైతేనే మోకాలు వంగుతుందని చెప్పింది.

"మొదట్లో బాగా నొప్పెడుతుందమ్మా. భరించగలిగేంతే చెయ్యండి, కాని మానొద్దు" అంది.

ఆ దిమ్మ గుంటూరులో దొరకదట. హైదరాబాదు నుంచి తెప్పించాలట. నేను చేసే పని విని, "పరుపులు కుడతారా? అయితే ఇంకేం, మీరే చెయ్యొచ్చు. ప్లాస్టిక్ పైపు ముక్క మీద గట్టి ఫోం పల్చగా చుట్టి బిగించండి" అంది.

"అదెంత పని మేడం!" అన్నాను.

నిజంగానే పెద్ద పని కాదు. బోరు పైపు ముక్క పెరట్లో ఉంది. కాని ఫోం కొనడానికి నాకు కాళ్ళు రాలేదు. దూది ఏకేవాణ్ణి, నా పెళ్ళాం కాలికి స్పంజి కట్టాలా అనిపించింది. మేలురకం దూది ఏకి, పైపు చుట్టూ దట్టంగా పేర్చి, పరుపుగుడ్డ తొడిగి, రెండు చివర్లా కుచ్చు పెట్టి కుట్టాను. పెళ్ళివారి బాలీసులా ఉంది. కొట్లోకి వచ్చినవాళ్ళకి చూపించి, గుంటూరు ఆసుపత్రిలో కూడా ఇట్టాంటిది లేదని చెప్పుకున్నాను.

రోజూ వెనకగదిలో చాప పరుచుకుని నా భార్య దాని మీద పడుకునేది. మధ్యమధ్య నేను తొంగిచూసేవాణ్ణి. మూలుగు లేదు, మొహంలో కష్టం లేదు. ప్రశాంతంగా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండేది.

"నొప్పిగా ఉందా?" అని అడిగితే, "లేదయ్యా, మెత్తగానే ఉంది" అనేది.

మొదట్లో ఆ మాట నా పనితనానికి మెప్పనుకున్నాను. తర్వాత తర్వాత అనుమానం మొదలైంది. మేడం బాగా నొప్పెడుతుందని కదా చెప్పింది? నొప్పి లేదంటే చెయ్యట్లేదనే కదా? పైగా వచ్చేవి శ్రావణ మాసం పెళ్ళిళ్ళు. దొరికే ఆ కాసిని పరుపుల పనీ నేనొక్కణ్ణే ఏకి, నేనే కుట్టాలి. నా కుట్టు వదులుగా వస్తోందని ఒకాయన పరుపు వెనక్కి తెచ్చి పడేశాడు. ఆ కోపం ఎక్కడ చూపించాలో తెలియక, స్టూలు మీద చాపి ఉన్న ఆ కాలి మీద చూపించాను. రోజూ ఏదో ఒక సూటిపోటి మాట. చివరికి ఆ పొద్దున టీచరమ్మ ముందు ఆ మాట అన్నాను.

ఆ రోజే గుంటూరు వెళ్ళి మేడంకు చూపించుకోవాల్సిన రోజు. రోలరు కూడా తెమ్మని ముందే చెప్పింది కాబట్టి చేతిసంచిలో పెట్టుకున్నాం. బస్సులో నా భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నల్లరేగడి చేలల్లో పత్తి మొలకలు అప్పుడే వరసలు దేరి కనిపిస్తున్నాయి. దారి పొడుగునా చెయ్యి మోకాలి మీదే ఉంది. నేను మాట్లాడదామని రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. ఆమె తిరగలేదు.

మేడం ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, కాలు వంచినంత మేర వంచి, మోకాలి పక్కన వంపు కొలిచే రెండు రేకుల కొలబద్ద పెట్టి చూసింది. మొహం చిట్లించింది.

"పెద్దగా మారలేదేమ్మా. ఎక్సర్‌సైజులు చేస్తున్నారా?"

ఈసారీ నేనే అందుకున్నాను. "ఎక్కడండీ! చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. పైపైన కానిచ్చి లేస్తంది."

నా భార్య మొహం గోడ వైపు తిప్పుకుంది. "చేస్తన్నానమ్మా" అని గోడతోనే చెప్పింది.

"రోలర్ మీద చేసేటప్పుడు నొప్పి ఎలా ఉంటోంది?"

"ఉండదమ్మా."

"అస్సలు లేదా?"

"లేదమ్మా. మెత్తగానే ఉంటది. ఒక్కోసారి నిద్ర కూడా వస్తది."

"చూశారా!" అన్నాను నేను. "నిద్రపోతంది!"

మేడం నా మాట వినిపించుకోలేదు. సంచిలో చెయ్యి పెట్టి రోలరు తీసింది. కుచ్చులు చూసింది. బొటనవేలితో నొక్కింది. వేలు దూదిలోకి దిగబడిపోయింది.

"ఇదేంటండీ?"

"రోలరండీ. నేనే చేశా. లోపల పైపుంది."

ఇంకొంచెం నొక్కింది. "ఉంది. చాలా లోతులో ఉంది. నేను ఫోం కదా పెట్టమన్నది?"

"ఫోం కన్నా మంచి దూదండీ. మేలురకం. పదేళ్ళు వాడుకోవచ్చు."

"వాడుకోవచ్చు," అంది మేడం, "తలకింద పెట్టుకుని. మీరు పడుకోండి ఓసారి."

"నేనా?"

"మీరే. చాప మీద. తొడ కింద ఇది పెట్టుకోండి."

పంట్లాం సర్దుకుని, మోచేతుల మీద ఆని పడుకున్నాను. ఊగాను. హాయిగా ఉంది. ఆ మాటే చెప్పాను. మేడం నా తొడ కింద నుంచి దాన్ని లాగేసి, తన నల్ల దిమ్మను తోసింది.

"ఇప్పుడు జరగండి."

ఒక్క జానెడు జరిగానో లేదో తొడలో ఎవరో రోకలి పెట్టి నొక్కినట్టయింది. "అమ్మో!" అని అరిచాను. ఆగుదామంటే ఒళ్ళు బరువంతా దాని మీదే ఉంది. వెనక్కి జరిగితే ఇంకో చోట పట్టుకుంది. "అమ్మా! ఓరి దేవుడో!" బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తెర తొలగించి లోపలికి చూశారు.

బల్ల మీద నుంచి నవ్వు వినిపించింది. తలెత్తి చూస్తే నా భార్య మోచేతి మీద లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

"ఏవయ్యా, ఒళ్ళొంగట్లేదా?" అంది.

నేను ఆ దిమ్మ మీదనే ఉండిపోయాను.

మేడం ఆమెను బల్ల దింపి ఒంటికాలి మీద నిలబడమంది. విరిగిన కాలి మీదే. నా భార్య చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, ఎదురుగా గోడకున్న క్యాలెండరు మీద చూపు నిలిపి, ఎడమ పాదం నేల నుంచి ఎత్తింది. కదల్లేదు. ఫ్యాను గాలికి క్యాలెండరు ఊగుతోంది కాని ఆమె ఊగలేదు. మేడం చాలని చెయ్యి చూపించేదాకా అలాగే ఉంది. తర్వాత మేడం ఆమె తొడ రెండు చేతులతో పట్టి చూసింది.

"కట్టు విప్పినప్పుడు ఈ తొడ ఎంత సన్నంగా ఉందో గుర్తుందా అండీ?" అని నన్నడిగింది. "ఇప్పుడు చూడండి, కండ పట్టింది. రోజూ చెయ్యకపోతే ఈ నిలకడ రాదు. మడమ లాగడం కూడా చేస్తున్నారు, లేకపోతే ఉన్నది కూడా బిగుసుకుపోయేది. నడక ఎంతవరకు వచ్చిందమ్మా?"

"జిన్నింగు మిల్లు దాకా పోయొస్తన్నానమ్మా."

"మిల్లు దాకానా? ఎప్పుడు?" అన్నాను.

"తెల్లారి. నువ్వు లేవకముందు."

"పాలకి వెళ్ళొస్తన్నావనుకున్నా."

"పాలాయన ఇల్లు మనకెదురేగదయ్యా. పాలకి గంటసేపు ఎందుకు?"

మేడం మొహం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకుంది. తర్వాత నన్ను కూడా ఒంటికాలి మీద నిలబడమంది. నేను కాలెత్తీ ఎత్తగానే బల్ల పట్టుకున్నాను. రెండోసారి ఎత్తితే మేడం కుర్చీ పట్టుకున్నాను. మూడోసారి అడగలేదు.

వెళ్ళబోతుంటే నా భార్య గుమ్మం దగ్గర ఆగింది. చెయ్యి మళ్ళీ మోకాలి మీద ఉంది.

"మరి మత్తిచ్చి వంచే సంగతి, అమ్మా?"

"దాని గురించి ఇప్పుడు ఆలోచించకండి. డాక్టరుగారితో నేను మాట్లాడతాను. ఇన్నాళ్ళూ మీరు చేసింది సరిగ్గానే చేశారు, మీకిచ్చిన సామానే సరైంది కాదు. గట్టి దాని మీద చేసి రండి, అప్పుడు చూద్దాం. నాకైతే అవసరం పడదనే అనిపిస్తోంది."

నా భార్య గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి విన్నాక గాని ఆమె ఎంత భయాన్ని లోపల దాచుకుని రోజూ ఆ దిండు మీద ఊగిందో నాకు అర్థం కాలేదు. మేలు చేస్తున్నాననుకుని ఆమె కాలికీ ఆ పైపుకూ మధ్య నా పంతాన్ని కూరి పెట్టాను. అది పనిచెయ్యకపోతే తప్పు ఆమెదన్నాను. ఆమె పాపం, మెత్తగా ఉందని నిజమే చెప్పింది. నేను వినలేదు.

ఆసుపత్రి మెట్లు దిగాక తప్పయిందని చెబుదామనుకున్నాను. దానికి బదులు, "పద, ఒక చోటికి పోవాలి" అని ఫోం పరుపుల కొట్టుకు తీసుకుపోయాను. ఆ కొట్టాయన ఒకప్పుడు మా నాన్న దగ్గర దూది కొన్నవాడే. నన్ను గుమ్మంలో చూసి కూర్చున్న చోటి నుంచి లేచాడు.

"ఏంది సాయిబుగారూ, దారి తప్పారా? స్పంజి కొట్టుకొచ్చారు! గిన్నెలు తోముకోటానికా?"

నేను అన్న మాటలన్నీ గుంటూరు దాకా వచ్చాయన్నమాట. తల వంచుకుని, గట్టి ఫోం ముక్క కావాలన్నాను.

"ఎంత గట్టిది?"

"ఈయన్ని దాని మీద పడుకోబెడితే వీధి చివరికి వినపడేట్టు అరవాల" అంది నా భార్య.

ఆయన ఒక్కో రకమూ తెచ్చి బల్ల మీద పడేస్తుంటే, ఆమె ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి చూసి పక్కకు తోసింది. వేలు దిగని ముక్క దొరికాకే తలూపింది. దాన్ని నేనే చంకన పెట్టుకుని బస్సెక్కాను. ఊళ్ళో దిగాక కొట్టు దాకా ఆ ముక్క అందరికీ కనపడేట్టే పట్టుకుని నడిచాను. టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్ళు ఏదో అన్నారు. అననిచ్చాను.

ఇంటికి రాగానే టీచరమ్మ దిండ్ల దూది ఏకి, నింపి, కుట్టాను. చీకటి పడకముందే ఇచ్చొద్దామని బయల్దేరుతుంటే నా భార్య చెప్పులు వేసుకుంది.

"నేనూ వస్తా. ఊరెళ్ళే హడావిడిలో ఇవాళ నా నడక కాలా."

టీచరమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. దిండ్లు అరుగు మీద పెట్టి నిలబడ్డాను. ఆమె ఒకటి ఒత్తి చూసి బాగున్నాయంది. నేను కదలకపోయేసరికి, "ఇంకేమన్నా ఉందా సాయిబూ?" అంది.

"పొద్దున నేనన్న మాట తప్పు టీచరుగారూ. ఆమె చేస్తానే ఉంది. నేను చేసిన సామానే పనికిరానిది. మీ ముందు అన్నాను కాబట్టి మీ ముందే చెబుతున్నా."

టీచరమ్మ చేట పక్కన పెట్టింది. "నువ్వు చెప్పేదేందయ్యా, నాకు తెలియకపోతేగా? రోజూ తెల్లారేసరికి మా గేటు ముందు నుంచే పోతది. వానొచ్చిన రోజున గొడుగేసుకుని పోయింది. పొద్దున్నే నీకు చెబుదామనుకున్నా, మొగుడూ పెళ్ళాల మధ్య నాకెందుకని ఊరుకున్నా. ఊరుకోకుండా ఉండాల్సింది." చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, "నాకు చెప్పావు సరే, ఆమెకు చెప్పావా?" అంది.

"చెప్పలా" అంది నా భార్య. "స్పంజి కొనిపెట్టాడు, అంతే."

ఇక తప్పించుకోవడానికి లేదు. "తప్పయిపోయిందే" అన్నాను. చెప్పేదాకా కొండంత ఉన్న మాట, చెప్పాక పిడికెడే ఉంది.

"సరేలే" అంది ఆమె. "నడువు, మిల్లు దాకా పోయొద్దాం."

ఆ సాయంత్రమే మొదటిసారి ఆమెతో నడిచాను. కాలు కొంచెం విసిరి వేస్తున్నా ఆమె అడుగు ఆగకుండా పడుతోంది. సగం దారిలో ఆయాసం నాకే వచ్చింది. మిల్లు గోడ పక్కన కాసేపు కూర్చుందామంటే, కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి, నిలబడే ఊపిరి తీసుకో అంది. మేడం చెప్పిందట.

తెచ్చిన ఫోం ముక్కను పైపు చుట్టూ జిగురు పెట్టి చుట్టి, పైన పాత సైకిలు ట్యూబు చీల్చి బిగదీసి తొడిగాను. కుచ్చులు పెట్టలేదు. మొదటి రోజు నా భార్య దాని మీద పడుకోగానే పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. నేను చూడలేక బయటికి పోబోతే పిలిచింది. "ఎక్కడికి? నువ్వూ చెయ్యి." ఇంకో చాప పరిచాను. ఆమె అయ్యాక నేను. ఇద్దరం వంతులేసుకుని మూలిగేవాళ్ళం. ఎదురింటి పాలాయన ఒకరోజు కంగారుగా లోపలికి వచ్చి, మమ్మల్ని ఆ స్థితిలో చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగి పోయాడు. ఒంటికాలి మీద నిలబడటంలో ఆమెను నేను ఎప్పటికీ గెలవలేకపోయాను. ఏకే మిషను అంచు పట్టుకుని నేను ఊగుతుంటే, ఆమె ఎదురుగా చేతులు కట్టుకుని కొంగలా నిలబడి లెక్క పెట్టేది.

రోజులు గడిచేకొద్దీ ఆమె పళ్ళు బిగించడం తగ్గింది. స్టూలు మీద చాపుకునే కాలు కిందికి దిగింది. తర్వాత మడమ ఆమె కూర్చున్న స్టూలు కిందికి పోయింది. ఎదురుగా వేసుకునే స్టూలు తీసి అటక మీద పెట్టాను. మళ్ళీ గుంటూరు వెళ్ళినప్పుడు మేడం కొలబద్ద పెట్టి చూసి, కాగితం మీద ఏదో రాసి, డాక్టరుగారి గదిలోకి వెళ్ళొచ్చింది. వస్తూనే నవ్వుతోంది.

"థియేటర్ లేదు, మత్తూ లేదు. మీ కాలు మీరే వంచుకున్నారు" అంది.

నా భార్య నా చెయ్యి పట్టుకుంది. జనంలో ఎప్పుడూ పట్టుకోని మనిషి. ఆ రోజు బస్టాండు దాకా వదల్లేదు.

శ్రావణం పెళ్ళిళ్ళు దాటిపోయాయి. ఆ తర్వాత మొదటి పరుపు మీద ఆమె కాలు మడిచి కూర్చున్నప్పుడు నేను దబ్బనంలో పురికొస ఎక్కించి అందించాను. నా కుట్టు వదులైందని పరుపు పడేసిపోయినాయన కబురు పెడితే వచ్చాడు. ఆమె ఆ పరుపంతా విప్పి మళ్ళీ బిగించి ఇచ్చింది. కొట్టుకొచ్చినవాళ్ళతో స్పంజి గురించి ఎత్తడం మానేశాను. ఎప్పుడన్నా అలవాటు కొద్దీ మొదలుపెట్టబోతే ఆవిడ తొడ తడుముకుంటూ నా వంక చూసేది. ఊరుకునేవాణ్ణి.

నేను మొదట చేసిన దూది రోలరు అంతవరకూ అలమారలో పడి ఉంది. ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు దాని కుచ్చులు తెంపి, గుడ్డ విప్పి, పైపు పెరట్లో పడేశాను. దూదిని మళ్ళీ మిషనులో వేసి ఏకాను. ఏ మాటకామాటే, దూది మాత్రం మేలురకమే. దాన్ని పల్చగా పరిచి, మోకాళ్ళు రెండూ పట్టేంత చిన్న పరుపు చేశాను. నా భార్య చూసి, తను కుడతానని దబ్బనం కోసం చెయ్యి చాపింది. ఇవ్వలేదు. నా కుట్టు వంకరైనా నేనే కుట్టాలనుకున్నాను.

సాయంత్రం అసర్ నమాజు వేళకు ఆమె కుర్చీ పక్కకు జరిపి, నమాజు గుడ్డ జానిమాజ్ పరిచి, మోకాళ్ళ కింద ఆ చిన్న పరుపు వేసుకుంది. మెల్లగా, ఒక చెయ్యి నేల మీద ఆనించి, కిందికి దిగింది. నుదురు నేలకు తాకింది. లేచాక చేత్తో ఆ పరుపును ఒత్తి చూసి, "ఇది మెత్తగా ఉంటే ఫర్వాలేదు" అంది.

నిజంగానే మెత్తగా కుట్టాను. బిగించిన పురికొస ముడులు మోకాలికి తగలకుండా అన్నీ అడుగువైపే వేశాను.